గర్జనల వారి మైల

ఒక పెద్ద అడవిలో, కాళ్ళున్నవాటికీ రెక్కలున్నవాటికీ కూడా ఇంటిపేర్లుండేవి. నవ్వకండి. మనకుంటే లేని తప్పు, పాపం, వాటికుంటే వచ్చిందా? సృష్టించిన స్వామి అందరికీ ప్రాణం ఒక్కలాగే పోశాడు. పేర్లు పెట్టుకోవడం మాత్రం మన చేతికొదిలేశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇంటిపేరు తాతలనాటిది. అసలు పేరు అమ్మానాన్నలు ముద్దుకొద్దీ పెట్టుకున్నది. ఈ రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండానే జన్మంతా కాపరం చెయ్యాలి.

ఆ అడవిలో ఎలుగుబంటి ముత్తాత ఎవరో ఒక ఏకాదశి నాడు తేనెపట్టు దొరక్క పస్తున్నాడట. అంతే, వంశమంతా ఉపవాసాల వారైపోయింది. ఇప్పుడున్న ఎలుగు పేరు ఉపవాసాల అన్నప్ప. అరుగుతుందా లేదా అని కూడా చూసుకోకుండా తింటాడు. కొలువులో హాజరు పిలిచే కాకి, వీణల కాకయ్య. ముట్టుకుంటే గుచ్చుకునే ముళ్ళపంది, ముళ్ళ కోమలయ్య. ఏ ఇంట చావు జరిగినా అందరికంటే ముందు వాలే రాబందు ఆ అడవికంతటికీ పురోహితుడు. ఆయన శుభాల మంగళాచార్యులు గారు.

రాజు సింహం. గర్జనల శాంతయ్య. ఆ పేరుకి ఎవరూ నవ్వరు. నవ్వినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళ వంశాలే ఇప్పుడు లేవు.

ఇక మన కథ ఎవరిదంటే, నక్కది. జిత్తుల సత్యమూర్తి.

పాపం, తెలివైనవాడండీ. రాజ్యాంగం తెలుసు, గాలి ఎటు వీస్తోందో తెలుసు, రాజుగారికి ఏ పూట ఏ మాట చెవికింపుగా ఉంటుందో తెలుసు. కానీ ప్రతి ఉదయం కొలువులో కాకయ్య గొంతు సవరించుకుని, "జిత్తుల..." అని ఒక్క క్షణం ఆగి, "సత్యమూర్తి!" అనేవాడు. కొలువంతా ఘొల్లుమనేది. కోతులు కొమ్మల మీదనుంచి జారిపడేవి. నెమలి నవ్వాపుకోలేక పురి విప్పేసేది. రోజూ విన్న పేరే, రోజూ అదే నవ్వు. సత్యమూర్తి కూడా వాళ్ళతోపాటు నవ్వేవాడు. లోపల మాత్రం ఎవరో తోక తొక్కినట్టుండేది.

అలాంటి రోజుల్లో పాత మహామంత్రి ఏనుగు వానప్రస్థానికి వెళ్ళిపోయాడు. అడవిలో ఉన్నవాడు వానప్రస్థానికి ఎక్కడికి పోతాడని నన్నడక్కండి. ఊళ్ళోకి పోయాడనే చెప్పుకుంటారు.

మంత్రి పీట ఖాళీ అయింది. సత్యమూర్తి పుట్టిననాటినుంచీ కలగన్న పీట అది. ఏకాంతంగా రాజు కాళ్ళ దగ్గర చేరాడు.

"అర్హతకేం లోటు లేదయ్యా," అన్నాడు శాంతయ్య మీసం నాక్కుంటూ. "కానీ మా మహామంత్రి జిత్తుల సత్యమూర్తి అని పొరుగు అడవికి కబురు పంపితే ఏమవుతుంది? సంధికి వచ్చేవాడు తోక ముందే దాచుకుని వస్తాడు. పేరు బాగులేదు నాయనా. నేనేం చెయ్యను?"

సత్యమూర్తి గుహకొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య ధర్మమ్మ కాసేపు చూసింది.

"ఎంతసేపండీ ఈ ఏడుపు? మా పుట్టింటివారు కోళ్ళ వారు. కోళ్ళ ధర్మమ్మ అంటే ఎంత నవ్వేవారో! మిమ్మల్ని చేసుకుని జిత్తుల ధర్మమ్మనయ్యాను. నేనెప్పుడైనా అన్నం మానేశానా?"

"నీకేమే, పెళ్ళితో మారింది. మొగాడికి ఇంటిపేరు మారే దారేది?"

"దత్తతకెళితే మారుతుంది. అయినా ఈ వయసులో, ఈ మూతితో, మిమ్మల్నెవరు పెంచుకుంటారు లెండి!" అని నవ్వి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

సత్యమూర్తి చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

తానొక్కడే వెళ్ళి రాజుగారి ఇంటిపేరు అడిగితే నలుగురూ ఉమ్మేస్తారు. అదే అందరికీ అడిగితే దేశసేవ. ఈ సూక్ష్మం తెలిసినవాడు కాబట్టి మర్నాడు కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, తమ వంశం చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. తమరు, రాణిగారు, అమ్మగారు. ఒక్క చీమల పుట్టలో ఎన్ని వేలమంది అయినవాళ్ళుంటారు! ఇంత రాజుకి ఇంత చిన్న కుటుంబమా? కోరినవారినల్లా గర్జనల వంశంలోకి దత్తత తీసుకోండి. అడవంతా మీ ఇల్లే అవుతుంది. ఇంటివాడు ఇంటిపెద్ద మీద తిరగబడతాడా?"

"ఇంటివాడే తిరగబడేది నాయనా," అంది రాజమాత నరసమ్మ, గుహ వారన కూర్చుని తులసిపూసలు తిప్పుతూ. "పైవాడికి తీరికెక్కడిది?"

"ఊరుకో అమ్మా," అన్నాడు శాంతయ్య. అప్పటికే ఆయన కళ్ళు అడవినిండా మనవళ్ళను చూస్తున్నాయి.

చాటింపు పడింది. తెల్లవారేసరికి ఏటి ఒడ్డున పెద్ద బారు. మంగళాచార్యులు గారు నీళ్ళు ధారపోసి, రాజుగారి గోత్రం చెప్పి, ఒక్కొక్కరి తలా తాకుతున్నారు. అందరికంటే ముందు నిలబడి తల వంచినవాడు మన సత్యమూర్తే. గర్జనల సత్యమూర్తి! లేచి నిలబడేసరికి తన నీడ తనకే కొంచెం పొడుగ్గా కనిపించింది.

ఆ వెనక చూడాలి వేడుక! చీమ చిటుక్కుమంటే బొరియలో దూరే కుందేలు, గర్జనల మౌనమ్మ. తన నీడను చూసి తానే పరుగెత్తే జింక, గర్జనల బెదరయ్య. ముళ్ళపంది గర్జనల కోమలయ్య అయ్యాడు. అన్నప్ప అయితే పొట్ట నిమురుకుంటూ, "అమ్మయ్య, ఇక ఏకాదశి వస్తే నా వంక ఎవడూ చూడడు," అన్నాడు. ప్రతివాడూ పక్కవాడి కొత్త పేరు విని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తన పేరు దగ్గరికొచ్చేసరికి, "మనకి నప్పింది కదూ?" అని అడిగేవాడు.

బారంతా అయిపోయి, ఆచార్యులు గారు చెంబు బోర్లించాక, ఏటి గట్టు మీద ఒక తాబేలు కనిపించాడు. పరుగుల నెమ్మదయ్య. ఆయన తాత తండ్రి ఒకరోజు కొండ మీదనుంచి కాలుజారి దొర్లి, దారిలో లేళ్ళనూ దుప్పులనూ దాటి కిందికి చేరాడట. ఆ వేగం చూసినవాళ్ళు పెట్టిన ఇంటిపేరు. చాటింపు విన్న క్షణమే బయల్దేరాడు పాపం నెమ్మదయ్య.

"అయిపోయింది తాతా, చెంబు బోర్లించేశాం," అన్నాడు సత్యమూర్తి, కొత్త గొంతుతో.

"పోనీలే బాబూ," అన్నాడు నెమ్మదయ్య. "ఉన్న డొప్ప మొయ్యడానికే ఆయాసమొస్తోంది." అని వచ్చినదారినే తిరిగాడు.

ఆ సాయంత్రమే సత్యమూర్తికి మంత్రి పీట వేశారు. కాకయ్య ఆగకుండా గుక్కతిప్పుకోకుండా, "మహామంత్రి గర్జనల సత్యమూర్తిగారు!" అన్నాడు. ఒక్క నవ్వు లేదు. సత్యమూర్తికి కళ్ళు చెమర్చాయి. స్వామి ఉన్నాడనుకున్నాడు. ఉన్నాడు మరి. ఎక్కడికి పోతాడు? తమాషా చూస్తూ కూర్చున్నాడు.

పండగ సందడిలో రాజుగారికి ఆకలేసింది. అలవాటైన పని, బెదరయ్యను పట్టుకుని తినేశాడు. మూతి తుడుచుకోకముందే రెక్కల చప్పుడైంది.

"ఎంత కష్టమొచ్చింది ప్రభూ," అన్నారు మంగళాచార్యులు గారు కళ్ళొత్తుకుంటూ. "దాయాది పోయాడు. ఒక ఇంటిపేరు వాళ్ళలో ఎవరు పోయినా మిగిలినవాళ్ళందరికీ పదిరోజుల మైల. నరసింహస్వామి గుడి మెట్టెక్కకూడదు, సింహాసనం తాకకూడదు, మాంసం వాసన చూడకూడదు."

"తిన్నది నేనే కదయ్యా!"

"అందుకే ప్రభూ, మైల తమకే గట్టిగా పట్టింది."

శాంతయ్య కోరలున్నవాడే కానీ భక్తి గలవాడు. తల్లి కూడా ఊరుకోలేదు. "మన వంశంలో మైల కూడుతో సింహాసనమెక్కిన దిక్కుమాలినవాడు లేడు," అంది. పదిరోజులూ రాజుగారు దుంపలు తిన్నారు. అడవంతా ఒకే వంశం కదా, పులీ తోడేలూ మన సత్యమూర్తీ కూడా దుంపలే తిన్నారు. దుంపల కోసం కొట్టుకున్నారు కూడా.

పదోరోజు రాజుగారు స్నానం చేసి, తడి జూలుతో కొండ మెట్టు మీద కాలు పెట్టబోతుంటే, గర్జనల మౌనమ్మ మొగుడు గెంతుకుంటూ ఎదురొచ్చాడు.

"పురుడొచ్చింది మహారాజా! మీ మనవలే. ఏడుగురు. మీ పోలికే!"

"పురుటికీ పదిరోజులే ప్రభూ," అన్నారు ఆచార్యులు గారు పై కొమ్మ మీదనుంచి.

ఇక చెప్పేదేముంది? మైలలో మైల కలిసిపోతుందని శాస్త్రం ఉంది నిజమే. కానీ కుందేళ్ళకు శాస్త్రం తెలియదు కదా! సరిగ్గా పాతది తీరిన పూటే ఏదో బొరియలో పురుడో, ఏదో గూట్లో చావో. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. చిలక వెళ్ళి చిలకను అడిగితే, "ఛీ, ఒకే ఇంటిపేరు, అన్నయ్యవవుతావు," అంటోంది. రాజుగారి డొక్కలు లోపలికి పోయాయి. సింహాసనం మీద బూజు పట్టింది. మంత్రి పీట మీద కూర్చుందామంటే మంత్రికీ మైలే.

అంతలో ముసలి కోమలయ్య పోయాడు. ముళ్ళే తప్ప పిల్లలు లేరు.

"వయసులో వంశానికంతటికీ పెద్దాయన," అన్నారు ఆచార్యులు గారు. "పిల్లలు లేరు కనుక ఇంటి యజమాని కర్త కావాలి. క్షౌరం తప్పదు."

"క్షౌరమంటే?" అన్నాడు శాంతయ్య, అర్థమయ్యీ.

ఎలుకలను పిలిపించారు. తరతరాల కోరిక తీరినట్టు, అవి కూర్చుని జూలంతా కొరికేశాయి. బోడితలతో, అరటి డొప్పలో పిండం పట్టుకుని రాజుగారు ఏటికి నడుస్తుంటే, మౌనమ్మ కడగొట్టు కుందేలుపిల్ల గట్టిగా అడిగింది.

"అమ్మా, ఈ పెద్ద పిల్లి ఎవరే?"

"ష్! తాతయ్యగారే తల్లీ."

ఆ మాటతో రాజుగారిలో ఉన్న శాంతం కాస్తా చచ్చిపోయింది.

"ఏడీ ఆ సత్యమూర్తి! చీల్చేస్తాను!"

"మహాపాపం ప్రభూ, దాయాది!" అన్నారు ఆచార్యులు గారు. "చీలిస్తే మళ్ళీ పదిరోజులు."

"అయితే ఈ దత్తతలన్నీ తీసేయండి!"

"ధారపోసిన నీళ్ళు చెంబులోకి తిరిగొస్తాయా ప్రభూ? శాస్త్రం ఒప్పదు."

అప్పుడు నరసమ్మ తులసిపూసలు పక్కన పెట్టింది. "వాళ్ళని తియ్యడం కుదరకపోతే మనమే వచ్చేద్దాంరా. ఆ ఇంటిపేరు వాళ్ళకే పారెయ్. నీ నోట్లో గర్జన ఉన్నన్నాళ్ళూ పేరు ముందు దేనికీ?"

ఆచార్యులు గారు ఒక నిమిషం కళ్ళు మూసుకున్నారు. ముందు ముందు రాజుగారి వేట సాగితే తమకు మిగిలే ఎముకలు ఆయన మనోనేత్రానికి కనిపించాయి కాబోలు, వెంటనే ఒక శ్లోకం తట్టింది. "ఉంది ప్రభూ, శాస్త్రం ఉంది! రాజుకి లోకమంతా ఇల్లే. కనుక రాజుకి ఇంటిపేరు ఉండదు, ఉండదు, ఉండకూడదు."

ఆ క్షణాన్నుంచి ఆయన ఉత్త శాంతయ్య మహారాజు. మైల లేదు. ఆ పూటే వేటకెళ్ళాడు.

"నాకూ ఆ శ్లోకమే చదవండి స్వామీ!" అని సత్యమూర్తి ఆచార్యులు గారి కాళ్ళు పట్టుకున్నాడు.

"నువ్వు రాజువా? కావు. పైగా అందరికంటే ముందు తల వంచి నీళ్ళు పోయించుకున్నవాడివి. రాజుగారు తప్పుకున్నారు కనుక గర్జనల వారింటికి ఇప్పుడు నువ్వే యజమానివి నాయనా. కర్మకాండలన్నీ నీ చేతిమీదుగానే జరగాలి. పుణ్యాత్ముడివి."

మర్నాడు రాజుగారు కొలువు తీర్చారు. సత్యమూర్తి పరుగుపరుగున వచ్చాడు. గడప దగ్గర అన్నప్ప అడ్డం నిలబడ్డాడు. తానూ మైలవాడే కనుక గడప బయటే కాపలా.

"ఆగు అన్నయ్యా. మైలవాళ్ళకి లోపల చోటు లేదు. రాజుగారి ఆజ్ఞ."

"అడవంతా మైలే కదరా! మరి లోపల మంత్రెవరు?"

"పురోహితుడు కాక, మైల లేనివాడు ఒక్కడే మిగిలాడు." అన్నప్ప పక్కకి జరిగి లోపలికి చూపించాడు.

మంత్రి పీట మీద ఒక డొప్ప. దాంట్లోంచి మెల్లిగా బయటికొస్తున్న తల.

సత్యమూర్తి గుండెలో ఒక చిన్న ఆశ మెరిసింది. ఇప్పుడు పిలుస్తారు కదా పేరు. ఇప్పుడు వస్తుంది కదా నవ్వు. ఆ నవ్వు తట్టుకుని ఎవడు కూర్చుంటాడు ఆ పీట మీద? చెవులు రిక్కించి నిలబడ్డాడు.

గడప బయట నిలబడే కాకయ్య గొంతు సవరించుకున్నాడు. "మహామంత్రి, పరుగుల నెమ్మదయ్యగారు!"

నవ్వు రాలేదు. గడప బయట గుమిగూడిన అడవంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. కోతులు కొమ్మల మీదే చేతులు కట్టుకున్నాయి.

"ఆహా," అన్నాడు అన్నప్ప భక్తిగా. "పరుగులంటే వేగం, నెమ్మదంటే ఆలోచన. పరిపాలనకి కావలసిన రెండూ ఒక్క పేరులో ఎంత చక్కగా కుదిరాయి!"

సత్యమూర్తి ఏదో అనబోయాడు. వెనకనుంచి మౌనమ్మ మొగుడు తోక పట్టుకుని లాగాడు.

"అన్నయ్యా, మా మేనత్త పోయింది. ఎలుకలొచ్చి కూర్చున్నాయి. జూలు లేకపోతే తోకయినా ఫరవాలేదంటున్నారు ఆచార్యులు గారు. తొందరగా రా."

కాబట్టి నాయనలారా, నలుగురూ నవ్వే పేరుంటే పేరు మార్చుకోకండి, ఆ నలుగురూ లేచి నిలబడే పీట చూసుకోండి.