మొదటి ఎపిసోడ్‌లో వంతెన

"పాలమూరు గడ్డ మీద ఇక వెనుకబాటుతనం అన్న మాట ఉండదు. ఎందుకంటే ఇక గడ్డతోటే మనకు పని లేదు. అంతా వర్చువల్!" అని మంత్రి పర్వతాలుగారు గద్వాలలో విలేకరులను పిలిచి ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మోగిపోయింది. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మందికి వర్చువల్ అంటే ఏమిటో తెలియదు. మిగిలిన సగం మందికి, మంత్రిగారికి కూడా తెలియదన్న సంగతి తెలుసు. అయినా చప్పట్లలో ఎవరూ వెనక్కి తగ్గలేదు.

పథకం నిజంగానే గొప్పది. జపాన్ వాళ్లు తీసే ఆనిమే బొమ్మల సీరియల్ లాంటిది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల మీద ఒకటి తీస్తారు. అందులో ఒక గేమర్ కళ్లకు వీఆర్ పెట్టె కట్టుకొని వర్చువల్ పాలమూరులోకి దిగుతాడు. ఊరూరూ తిరుగుతాడు. జరిగిన అభివృద్ధిని చూసి నోరెళ్లబెడతాడు. సీరియల్ వచ్చాక ప్రజలు కూడా అదే పెట్టె కట్టుకొని ఆ లోకంలో హాయిగా తిరగవచ్చు.

"గేమ్ అంటే రాక్షసులు ఉండాలె గద సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"ప్రతిపక్షం ఉంటది" అన్నారు మంత్రిగారు.

ఆ గేమర్‌గా ఎంపికైన అదృష్టవంతుడు ముజమ్మిల్. గద్వాల పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసుకునే కుర్రవాడు. పగలు ఫోన్లు విప్పుతాడు, తీరిక దొరికితే గేములు ఆడతాడు, జపాన్ సీరియళ్లు చూస్తాడు. మంత్రిగారి పీఏ ప్రేమ్ కుమార్ ఫోన్‌కు స్క్రీన్ గార్డు వేయించుకోవడానికి వచ్చి, ఇతడు ఒక చేత్తో గార్డు అంటిస్తూ ఇంకో చేత్తో డ్రాగన్‌ను చంపడం చూసి, అక్కడికక్కడే ఖాయం చేసేశాడు.

ముజమ్మిల్ ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. అతని ఊరు చింతలగేరి. ఊరికీ గద్వాల రోడ్డుకూ మధ్య వాగు. వానాకాలం వాగు వచ్చిందంటే ఊరు ఊరంతా అవతలే. మండలాఫీసు వాళ్లు ఒక పుట్టి ఇచ్చారు. వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి పడవ అది. యోసేపు దాన్ని తోస్తాడు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి పెళ్లి వచ్చినా అందులోనే దాటాలి. ఈ ఏడు ముజమ్మిల్ చెల్లెలు సమీనా తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండేది సరిగ్గా వానల్లోనే. తిరిగే పుట్టిలో నొప్పులు పడే పిల్లను కూర్చోబెట్టాలంటే అతనికి గుండె దడ.

"ఏం గావాలె నీకు, అడుగు" అన్నారు మంత్రిగారు, భుజం మీద చెయ్యి వేసి.

"పైసలు వద్దు సార్. మా ఊరి వాగు మీద వంతెన గట్టియ్యండ్రి."

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. "చూసినవా ప్రేమ్ కుమార్! ఈ వయసుల తన కోసం అడగలే, ఊరి కోసం అడిగిండు. రాస్కో. మొదటి ఎపిసోడ్‌లనే వంతెన."

"ఎపిసోడ్‌ల కాదు సార్, వాగు మీద."

"వాగు మీదనే తమ్మీ. ఎపిసోడ్‌ల వాగు మీద."

ఎంత వేగంగా నిర్ణయం తీసుకున్నారో చూడండి. ఫైలు లేదు, మీటింగు లేదు. ముజమ్మిల్‌కు మాత్రం ఏదో తేడా కొట్టింది. ముందు అందులో కడితే తర్వాత బయట కూడా కడతారులే అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

హైదరాబాద్ నుంచి వర్ష అనే డైరెక్టరమ్మ కంప్యూటర్లతో దిగింది. ఒక ఫంక్షన్ హాలు తీసుకొని గోడలకు పచ్చ గుడ్డలు కట్టించింది. మొదటి రోజే ఆమె అన్న ఒక్క మాట నియోజకవర్గాన్ని కుదిపేసింది. "ప్లేయర్ ఒక్కడే సార్. మిగతావాళ్లంతా ఎన్‌పీసీలు."

గేములు ఆడేవాళ్లకు ఎన్‌పీసీ అంటే తెలుసు. పెట్టిన చోట నిలబడి, ఎవరు వచ్చి పలకరించినా ఒకే ముక్క చెప్పే బొమ్మ. దానికి సొంత బుద్ధి ఉండదు, కదలిక ఉండదు. మంత్రిగారికి ఇదంతా వినే తీరిక లేదు. ఆయనకు మూడక్షరాలు వినిపిస్తే అది కమిటీయే. "నియోజకవర్గ ప్రజా కమిటీ! మస్తుగున్నది పేరు. మన పార్టీ వాళ్లనే ఏస్కుందాం" అన్నారు.

అంతే, అగ్గి రాజుకుంది. మల్దకల్‌కు ఇచ్చి అలంపూర్‌కు ఎందుకు ఇవ్వలేదని అలంపూర్ కార్యకర్తలు రోడ్డు మీద కూర్చున్నారు. ఉప్పునుంతల నుంచి ఒకాయన, తమది వేరే జిల్లా అయినా ఎన్‌పీసీ పదవి ఇస్తే పార్టీ మారతానని కబురు పంపాడు. నలుగురు సీనియర్లు అలిగారు. చివరికి మహిళా విభాగం బుజ్జమ్మ మండల ఎన్‌పీసీ కన్వీనరుగా ఎంపికైంది. "ఎన్‌పీసీగా నియమితులైన బుజ్జమ్మక్కకు శుభాకాంక్షలు" అని చౌరస్తాలో ఆమె ఎత్తుకు రెండింతలు ఫ్లెక్సీ లేచింది.

వర్ష పాపం నిజం చెప్పడానికి ప్రయత్నించింది. "అమ్మా, ఎన్‌పీసీ అంటే ఊరికే నిలబడాలి. సొంతంగా ఏమీ చెయ్యకూడదు. ఒకటే డైలాగ్ ఉంటుంది, ఎవరు ఏమడిగినా అదే చెప్పాలి."

"గంతేనా?" అంది బుజ్జమ్మ. "పార్టీల చేరినకాంచి గదే చేస్తున్న."

ఆమెకు ఇచ్చిన డైలాగ్ "అన్న ఉండంగ ఫికర్ లేదు." ఒక్క టేకులో చెప్పేసింది. అంత సహజంగా చెప్పినవాళ్లను తాను ఇంతవరకు చూడలేదని వర్ష అందరి ముందు ఒప్పుకుంది.

వంతెన చకచకా లేచింది. పెట్టె కట్టుకొని ముజమ్మిల్ మొదటిసారి దాని మీద నడిచినప్పుడు, నిజం చెప్పాలంటే, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద వాగు తళతళలాడుతోంది. రెయిలింగు పొడుగునా గద్వాల చీర అంచు డిజైను. అవతల చింతలగేరి, తమ ఇంటి నీలం తలుపు కూడా అచ్చంగా ఉంది. పెట్టె తీశాక ఎదురుగా పచ్చ గుడ్డ కనబడితే మనసుకు కష్టమనిపించింది.

ఇక్కడ మంత్రిగారి నిజాయితీని మెచ్చుకొని తీరాలి. "మన సీరియల్‌ల అబద్ధం ఉండొద్దు. వంతెనకు ఇంజినీరు సర్టిఫికెట్ ఉండాలె" అని పట్టుబట్టారు. ఏఈ దినేష్‌ను పిలిపించారు. కట్టని వంతెనకు సంతకం పెట్టనని దినేష్ మొదట భీష్మించాడు. అతనికి పెట్టె కట్టారు. అతను వంతెన మీద అటు నడిచాడు, ఇటు నడిచాడు, స్తంభాన్ని తన్ని చూశాడు. తన్నింది ఫంక్షన్ హాలు గోడను కాబట్టి కాలు బెణికింది.

"గట్టిగనే ఉన్నది సార్" అని కుంటుకుంటూ వచ్చి సంతకం పెట్టాడు. కళ్లతో చూసి, కాలితో పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్‌ను తప్పుపట్టడానికి ఎవరికి నోరు వస్తుంది?

ప్రారంభోత్సవం మంత్రిగారు ఘనంగా చేశారు. పెట్టె కట్టుకొని గాలిలో రిబ్బన్ కత్తిరించారు. ఆ వారమే మండలాఫీసు వాళ్లు వచ్చి, వంతెన పూర్తయిన చోట పుట్టి ఉంచడం నిబంధనలకు విరుద్ధమని పుట్టిని ట్రాక్టరు మీద వేసుకొని పోయారు. యోసేపు పని పోయింది. అయితే ప్రభుత్వం అతన్ని వదిలెయ్యలేదు. వర్చువల్ వంతెన మొదలు దగ్గర ఎన్‌పీసీగా నిలబెట్టింది.

"ఏం జెప్పమన్నరే నిన్ను?" అని లాల్‌బీ అడిగింది. ఆమె ముజమ్మిల్ తల్లి.

"'పుట్టితోటి ఇగ పని లేదు' అని జెప్పమన్నరు పెద్దమ్మా" అన్నాడు యోసేపు, ముఖం ఎటో తిప్పుకొని.

లాల్‌బీ కొడుకు వైపు చూసింది. "నువ్వు వంతెన అడగకుంటెనే మంచిగుండె బేటా. కనీసం పుట్టి ఉంటుండె" అంది. ముజమ్మిల్‌కు తల కొట్టేసినట్టయింది.

ముసురు పట్టింది. వాగు వచ్చింది. పొద్దున చాయ్ తాగుతుండగా సమీనాకు నొప్పులు మొదలయ్యాయి. ముజమ్మిల్ ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, జర పుట్టి వంపియ్యన్నా. చెల్లెకు నొప్పులొస్తున్నయి, దవాఖానకు పోవాలె."

"పుట్టెందుకు తమ్మీ? వంతెన ఉన్నది గద?"

"అది పెట్టెల ఉన్నదన్నా! నువ్వు నేను ఒక్కతాన నిలవడి జూసినం గద!"

"నేను కాదంటలేను. కాని రికార్డుల వంతెన ఉన్నంక పుట్టి వంపిస్తే, వంతెన లేదని మనమే ఒప్పుకున్నట్టయితది. మనిషిగ చెప్తున్న తమ్మీ, ట్రాక్టర్ జూస్కో." అవతల ఎవరో పిలిచినట్టున్నారు, ఫోన్ పెట్టేశాడు.

ట్రాక్టర్ దొరికింది. ట్రాలీలో బొంతలు పరిచారు. సమీనా, లాల్‌బీ, కాన్పులు చేసి చేసి చేయి తిరిగిన భీమమ్మ ఎక్కారు. మీద టార్పాలిన్ పట్టుకొని ముజమ్మిల్. నడుములోతు నీళ్లలో కర్రతో లోతు చూస్తూ ముందు యోసేపు. వాగు నడుమకు వచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నీళ్లు చక్రాలను కొడుతున్నాయి. ట్రాలీ ఊగుతోంది. సమీనా "అమ్మీ" అని కేక పెట్టింది. భయంతో తాను ఏడుస్తున్నట్టు కూడా ముజమ్మిల్‌కు తెలియలేదు.

"నువ్వు అటు జూడు, గుడ్డ గట్టిగ వట్టుకో" అని భీమమ్మ కసిరింది.

ఆ టార్పాలిన్ కిందే ఆడపిల్ల పుట్టింది. వాగు హోరును మించి ఏడ్చింది. ఊరివాళ్లు మోకులు విసిరి, నలభై మంది పట్టి లాగి ట్రాలీని మళ్లీ చింతలగేరి ఒడ్డుకే చేర్చారు. తల్లీ పిల్లా క్షేమం.

అవతలి ఒడ్డు నుంచి ఎవరో ఇదంతా వీడియో తీశారు. సాయంత్రానికి ప్రేమ్ కుమారే ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"తమ్మీ, ముబారక్! ట్రాలీ ఆగిన జాగను ఏఈ సార్ ప్లాన్ ముందటేస్కొని చూసిండు. కరెక్టుగ వంతెన నట్టనడుమ!"

"అయితే?"

"అయితే ఏంది? వంతెన మీద పుట్టిన తొలి బిడ్డ! మంత్రిగారు రేపొద్దున స్వయంగ ఆశీర్వదిస్తరు."

మర్నాడు పేపర్లలో "వంతెనపై తొలి కాన్పు: తల్లీబిడ్డలకు వరమైన ప్రగతి" అని వచ్చింది. వంతెన లేకపోతే ఆ తల్లి గతి ఏమయ్యేదని లోపల ఒక వ్యాసం కూడా వేశారు.

చెప్పిన మాట ప్రకారం మంత్రిగారు వచ్చారు. అవతలి ఒడ్డుకు వచ్చారు. వాగు ఇంకా పారుతూనే ఉంది. షామియానా వేశారు, మైకు పెట్టారు. బుజ్జమ్మ నాయకత్వంలో ఎన్‌పీసీలు కండువాలు వేసుకొని వరుసగా నిలబడ్డారు. ఇవతలి ఒడ్డున వేపచెట్టు కింద మంచం మీద లాల్‌బీ మనుమరాలిని ఒడిలో పెట్టుకొని కూర్చుంది. పక్కన ముజమ్మిల్.

ప్రేమ్ కుమార్ మైకందుకున్నాడు. "తమ్మీ ముజమ్మిల్! నీ పెట్టె కట్టుకొని బిడ్డను వంతెన మీదికి తీస్కరా! సార్ ఎత్తుకుంటరు!"

"చార్జింగ్ లేదు!" అని ముజమ్మిల్ ఇటునుంచి అరిచాడు. చార్జింగ్ నిండా ఉంది. పెట్టెను పొద్దునే బియ్యం డ్రమ్ములో పడేసి మూత పెట్టాడు.

అటు కాసేపు గుసగుసలు నడిచాయి. వర్ష కంప్యూటర్ మీద ఏదో టకటకలాడించి సరేనన్నట్టు తల ఊపింది. మంత్రిగారికి పెట్టె కట్టారు. బుజ్జమ్మకు కూడా కట్టారు. ఆయన కాలు జారి వాగులో పడకుండా దినేష్ వెనకనుంచి నడుము పట్టుకున్నాడు. మంత్రిగారు ఉన్నచోటే అడుగులు వేస్తూ వంతెన ఎక్కారు. బుజ్జమ్మ వంగి, ఒట్టి గాలిని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి ఆయనకు అందించింది. "అన్న ఉండంగ ఫికర్ లేదు" అంది.

మంత్రిగారు గాలిని గుండెకు హత్తుకున్నారు. నుదుటి మీద ముద్దు పెట్టారు. ఎత్తి ఫోటోగ్రాఫర్ల వైపు చూపించారు.

లాల్‌బీ ఒక్కసారిగా మంచం మీద నుంచి సగం లేచింది. "సారూ! మెడ కింద చెయ్యి వెట్టు సారూ! పసిపిల్ల, మెడ నిలవది!"

"అమ్మీ, ఆడ ఏం లేదు" అన్నాడు ముజమ్మిల్.

లాల్‌బీ వినిపించుకోలేదు. చూపు అవతలి ఒడ్డు మీదనే ఉంది. అక్కడ కెమెరాలవాళ్లు "సార్, ఒక్క నమస్కారం, ఇటు, ఇటు" అని అరిచారు. మంత్రిగారు చిరునవ్వుతో తిరిగి, గుండెకు ఆనించుకున్న చేతులు రెండూ తీసి, ప్రజలకు నమస్కారం పెట్టారు.

ఎన్‌పీసీలందరూ చప్పట్లు కొట్టారు. ఇవతలి ఒడ్డున లాల్‌బీ "యా అల్లా" అని ఒడిలో ఉన్న పిల్లను రెండు చేతులా గట్టిగా అదిమి పట్టుకుంది.