పావుసేరు వజ్రం

ఆ ఆదివారం భార్య విశాలాక్షి అమ్మవారిశాలకు వెళ్లి వచ్చేలోగా గిటారుకు పైపలక అతికించెయ్యాలని లక్ష్మీనరసయ్య అనుకున్నాడు. ఆదోనిలో పత్తి ప్రెస్సు గుమాస్తాకు గిటార్లు చేసే పిచ్చి ఎందుకు పట్టిందని అడక్కండి. గుంతకల్లులో ఒక రైల్వే గార్డు వాయిస్తుంటే విన్నాడు, దర్జీ టేపుతో కొలతలు తీసుకున్నాడు, అంతే. మొదటి రెండూ మైదాపిండి జిగురుతో అతికించాడు. తీగలు బిగించగానే రెండూ నోళ్లు తెరిచాయి.

మూడోదానికి చెక్క దొరక్కపోతే విశాలాక్షి తన పుట్టింటి టేకుపెట్టెను ఇచ్చింది. ఇదీ పగిలితే పొయ్యిలోకేననీ, ఆ తర్వాత ఉలి ముట్టుకునేది లేదనీ మాత్రం గట్టిగా చెప్పింది. అందుకని అతను ఎమ్మిగనూరు వడ్రంగి భీమన్న సలహా అడిగాడు. వజ్రం పెడితే గానీ నిలవదన్నాడు భీమన్న. వడ్రంగులు వజ్రమనేది పశువుల తోలు ఉడకబెట్టి తీసే జిగురును. నీచు వాసనే ఎరగని ఇల్లు లక్ష్మీనరసయ్యది. గుట్టుగా తెచ్చిపెట్టమని బతిమాలుకున్నాడు.

భీమన్న గుట్టుగానే వచ్చాడు. పొద్దున బస్సు దిగి, ఇల్లు తెలియక, పక్కింటి పత్తి వ్యాపారి సుబ్బరామయ్యను అడిగాడు.

"లక్ష్మీనరసయ్య శెట్టి ఇల్లు యాడప్పా? మద్దికెర నుంచి వజ్రం తెచ్చినా. ఎవరికీ సెప్పొద్దన్నాడు."

వాన పడితే చాలు, మద్దికెర చేలల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతుక్కుంటారని ఆదోనిలో తెలియనిదెవరికి?  సుబ్బరామయ్య భీమన్నను లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఏమాత్రం ఉంటుందని మెల్లిగా కదిపాడు.

"పావుసేరు. సాలకపోతే ఇంకో సేరు తెస్తా. మా బామ్మర్ది ఇంట్లో మూటలు మూటలు పడుండాది."

సుబ్బరామయ్య ఆ రహస్యాన్ని ఒక్క తన స్నేహితుడు విశ్వేశ్వరయ్యకే చెప్పాడు. విశ్వేశ్వరయ్య మరీ నియమం గల మనిషి, ఒట్టు వేయించుకోకుండా ఎవరికీ చెప్పలేదు. పది గంటలకల్లా ఎనిమిది మంది పెద్దమనుషులు భీమన్నను నడుమ పెట్టుకుని లక్ష్మీనరసయ్య గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడే గుడి నుంచి వచ్చిన విశాలాక్షికి శుభవార్త చెప్పేశారు.

ఆమె ముఖం విప్పారింది. "పన్నెండేండ్లాయె, ఒక్క ముక్కుపుడక అడగలేదన్నా నేను. అడక్కుండానే తెప్పించినాడు చూడండి," అని కళ్లు తుడుచుకుంది.

పెరట్లో పొయ్యి ఊదుకుంటున్న లక్ష్మీనరసయ్య ఈ మాట విన్నాడు. బావిలో దూకుదామంటే వేసవి, నీళ్లు లేవు.

భీమన్న తెచ్చిన మూట విప్పక తప్పలేదు. లోపల బెల్లం అచ్చుల్లాంటి ముక్కలు, పైగా కంపు. ఎనిమిది కండువాలు ఎనిమిది ముక్కుల మీదికి లేచాయి. ఇదేమిటని అడిగితే, అబద్ధం చేతకాని భీమన్న ఎద్దుతోలు జిగురని చెప్పేశాడు. ఇది కాచి పూశాక చల్లారేలోగా పలకను అన్ని పక్కలా అదిమిపట్టాలని, పది చేతులన్నా కావాలని కూడా అప్పుడే చెప్పాడు. పెద్దమనుషులు వెనక్కి అడుగులేశారు.

లక్ష్మీనరసయ్య భార్య ముందు తలవంచుకున్నాడు. "నీకు సెప్పకుండా తెప్పించినా, తప్పే. నీ పెట్టె పగలకూడదని తెప్పించినా."

 విశాలాక్షి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది.

"యాడికి పోతారన్నా? వజ్రం కోసరం వచ్చినారు కదా, పట్టుకోండి. ఈయనకుండేది రెండు చేతులే."

ఆ గొంతు విన్నాక ఎవరూ కదల్లేదు. భీమన్న జిగురు కాచి పూశాడు. ఎనిమిది మంది గిటారు చుట్టూ కూర్చుని, మొహాలు పక్కకు తిప్పుకుని, అరగంట అదిమిపట్టారు. చేతులు తీశాక చూస్తే వెంట్రుక దూరే సందు లేదు. లక్ష్మీనరసయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భీమన్నకూ, వచ్చినవాళ్లకూ పేరుపేరునా దండం పెట్టాడు. మీరు రాకపోతే ఇదీ పోయేదని, ఈ మేలు మరవనని అన్నాడు. విశాలాక్షికి కూడా చేతులు జోడించబోయాడు. ముక్కుపుడక సంగతి తర్వాత చూద్దాంలెమ్మని ఆమె నవ్వి, అందరికీ మజ్జిగ పోసింది.

ఎవరికి వారు చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. సుబ్బరామయ్య మాత్రం లేవలేదు. ఆయన కండువా అంచు పైపలక పక్కన కారిన జిగురుకు అతుక్కుపోయింది.