అల్లుడు ఎక్కించిన ప్రోగ్రాం

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారి సరుకు రవాణా ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ కొత్త బిల్లుల ప్రోగ్రాం ఎక్కించడం, భోజనాల వేళకి చేతులు దులుపుకోవడం. పని సవ్యంగా జరిగితే ఆ ఆఫీసులో ఉద్యోగం అతనిది. లేకపోతే బయటి కంపెనీవాళ్లని పిలుస్తానని అత్తగారు నవ్వుతూనే చెప్పింది. ఆవిడ నవ్వుతూ చెప్పే మాటలంటేనే అతనికి ఎక్కువ హడల్.

మీట నొక్కాడు. పని ఎంతయిందో చూపిస్తూ తెర మీద సగం దాకా పరుగెత్తిన పచ్చగీత టక్కున ఆగింది. పాత ప్రోగ్రాంని ఇంకా ఎవరో వాడుతున్నారు, మూయించమంది తెర.

"ఎవరండీ మూయనిది?" అని హాల్లోకి కేకేశాడు.

"మూసెయ్యమంటారా అని అడిగింది, అవునని నొక్కేశాగా!" అంది లెక్కలావిడ.

"నా వైపు చూస్తారేంటి? నేనసలు తెరిస్తే కదా!" అన్నాడు గోదాము గుమాస్తా.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఇక లాభం లేదని బల్లల కింద దూరి తీగలు పీకడం మొదలుపెట్టాడు. అత్తగారి గదిలోకి పోయే తీగని మాత్రం, ఆవిడ కాలు తొక్కకుండా తప్పుకున్నట్టు, జాగ్రత్తగా దాటాడు.

ఫోన్లు మూగబోయాయి. బిల్లులు రాక బయట లారీలు హారన్లు అందుకున్నాయి.

"నా పొద్దుటి పనంతా గంగలో కలిపావు కదయ్యా!" అని లెక్కలావిడ నెత్తి పట్టుకుంది.

గోలకి అత్తగారి తలుపు తెరుచుకుంది. "ఏమైంది అల్లుడుగారూ?"

"ఎవరో మూయడం లేదండీ అత్తయ్యగారూ," అన్నాడతను బల్ల కింద నుంచే. "దొరికితేనా..."

"దొరికితే?"

"బతిమాలుకుంటానండి."

"అదా! నా దాంట్లోనూ 'మూసెయ్యమంటారా' అని ఒకటే నస. వద్దు, వద్దు అని నొక్కుతూనే ఉన్నా. నేను మూస్తే మీ పని ఎక్కడ ఆగిపోతుందోనని! ఉద్యోగం మీకే రావాలని కదా నా తాపత్రయం. మరి నన్నెవరూ అడగరేం?"

లెక్కలావిడ కళ్లజోడు తుడుచుకుంది. గుమాస్తాకి గోదాంలో ఏదో పని గుర్తొచ్చింది.

అత్తగారు వెళ్లి పాత ప్రోగ్రాం మూసింది. తీగలన్నీ మళ్లీ తగిలించాక పచ్చగీత ఆఖరిదాకా పరుగెత్తింది.

"రేపట్నుంచి ఉద్యోగంలోకి వచ్చెయ్యండి. ఇకమీదట ఏదొచ్చినా ముందు నన్నడగండి," అని తలుపేసుకుంది అత్తగారు.

తెరలన్నిటి మీదా ఒకేసారి ప్రశ్న వెలిగింది: "కొత్త ప్రోగ్రాం తెరవమంటారా?"

భోజనాల వేళ దాటినా, అందరూ ఆవిడ తలుపు వైపు చూస్తూనే కూర్చున్నారు.