లూర్దుమేరి తరఫున మన్నించడమైనది

మనిషి కనిపెట్టిన సుఖాలన్నిటిలోకీ గొప్పది, ఇంకొకరికి జరిగిన అన్యాయాన్ని తాను క్షమించేయడం. దీనికి దెబ్బ తగలనక్కర్లేదు, మందు రాసుకోనక్కర్లేదు, సోఫాలోంచి లేవనక్కర్లేదు. షోళింగనల్లూరులోని మా రెండు వందల పద్నాలుగు ఫ్లాట్ల అసోసియేషన్ ఈ సదుపాయాన్ని గత నెల యాప్‌లోకి తెచ్చింది.

సందర్భం ఇది. తొమ్మిదో అంతస్తులో శ్రీప్రియ గారింట్లో వంట చేసే లూర్దుమేరి, పనివాళ్ల లిఫ్టు చెడిపోయినందువల్ల, ఒక మంగళవారం నివాసితుల లిఫ్టు ఎక్కింది. (అందులో నివాసితులు, వారి చుట్టాలు, వారి కుక్కలు ప్రయాణించవచ్చు.) రెండో అంతస్తులో ఎక్కిన రిటైర్డ్ ఇంజనీరు ఆదిమూలం గారు రూలు గుర్తుచేసి ఆమెని అక్కడే దింపేశారు. దోసెపిండి డబ్బాతో మెట్లెక్కుతూ ఆరో అంతస్తు మలుపులో ఆమె పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది. పిండి నాలుగో అంతస్తు దాకా పారింది. (మొదటి ఫిర్యాదు పిండి మీద వచ్చింది.)

రెండో ఫిర్యాదు శ్రీప్రియ గారు ఆదిమూలం గారి మీద పెట్టారు. ఫిర్యాదు తీరేదాకా యాప్‌లో పేరు పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. ఎర్ర చుక్క ఉన్నవారికి క్లబ్‌హౌస్ హాలు ఇవ్వరు. ఆ హాల్లోనే ఆదిమూలం గారి డెబ్బయ్యో ఏటి శాంతి వేడుక. పత్రికలు పంచేశారు కూడా. చుక్క పోవాలంటే బాధితులు తమ ఫ్లాట్ నంబరుతో లోపలికి వెళ్లి ‘మన్నించాను’ నొక్కాలి. లూర్దుమేరికి చెయ్యి విరిగింది గానీ ఫ్లాట్ నంబరు లేదు.

సాంకేతికంగా బాధితులే లేని ఈ బాధని ప్రెసిడెంటు మునికృష్ణ గారు ఓటింగుకి పెట్టారు. నూట ఎనభై ఏడు ఫ్లాట్లు మన్నించాయి. నాలుగు ఫ్లాట్లు నీళ్ల ట్యాంకర్ ఆలస్యం గురించి రాశాయి. బెంగళూరులో ఉంటూ, లూర్దుమేరిని ఎన్నడూ చూడని సతీష్ గారు రెండు ఫ్లాట్ల యజమాని అయినందున రెండుసార్లు మన్నించారు. ఆదిమూలం గారు కూడా, నివాసితుడిగా తన హక్కు వాడుకుని, తనని మన్నించారు. చుక్క పచ్చబడింది.

ఆదివారం మీటింగుకి లూర్దుమేరి చేతికి కట్టుతో వచ్చి గోడవారగా నిలబడింది. మునికృష్ణ గారు శుభవార్త చెప్పారు.

“ఎవురు మన్నించినారు సార్?”

“అందరం, లూర్దూ. నూట ఎనభై ఏడు ఇండ్లోళ్లు. నీకింక టెన్షన్ లేదు.”

“మీలో ఎవురికన్నా చెయ్యి ఇరిగిందా?”

(మినిట్సులో దీన్ని ‘అవగాహన లోపం’గా నమోదు చేశాం.)

కమిటీ సభ్యురాలు హైమవతి గారు, సౌమ్యంగా, మీ చర్చిలో క్షమించమనే కదా చెప్తారు అని గుర్తుచేశారు.

“చెప్తారమ్మా. నేను మన్నించనని యాడన్నా? ఈ అయ్య వచ్చి ఒక మాట నన్ను అడగాల. అప్పురం ఇంగొకటి, ఈ కట్టు ఇప్పేదాకా ఆ లిఫ్టులో పోనీండి. అంతే.”

ఆదిమూలం గారు ఆమెతో కాకుండా ప్రెసిడెంటుతో మాట్లాడారు. “ఇంతమంది మన్నించేసినాక నేను మళ్లీ పొయ్యి అడిగితే, మన్నించినోళ్లకి మర్యాదా సార్?”

ఈ సున్నితత్వానికి సభ కదిలిపోయింది. తమ క్షమ చాలదన్నందుకు నూట ఎనభై ఏడు కుటుంబాల మనసు నొచ్చుకుందనీ, లూర్దుమేరి ఇంటింటికీ వచ్చి విచారం తెలపాలనీ తీర్మానం అయింది. ఆమె తరఫున తానే యాప్‌లో ఒక్క మెసేజీ పెట్టేస్తానని శ్రీప్రియ గారు బతిమాలారు. కమిటీ ససేమిరా అంది. మన్నించడం ఎవరి తరఫునైనా చేయొచ్చు. మన్నించమని అడగడం మాత్రం ఎవరికి వారే చేయాలి. లిఫ్టు విషయం సమయాభావం వల్ల చర్చకు రాలేదు.

లూర్దుమేరి తలుపుల వైపు చూసింది, మెట్ల వైపు చూసింది, గేటు వైపు నడిచింది. మర్నాటి నుంచి పనికి రాలేదు. పక్క సముదాయంలో చేరిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆడ ఒకటే లిఫ్టట.

శాంతి బ్రహ్మాండంగా జరిగింది. పాయసం రెండుసార్లు వడ్డించారు.

పదోరోజున యాప్‌లో కొత్త ఫిర్యాదు వచ్చింది: చెప్పాపెట్టకుండా మానేసిన లూర్దుమేరి మీద, శ్రీప్రియ గారి నుంచి. మాకు అలవాటైన పని కాబట్టి, ఆవిడ తరఫున మేమందరం లూర్దుమేరిని మన్నించేస్తామని ముందుకొచ్చాం. శ్రీప్రియ గారు ఒప్పుకోలేదు.

“మీరెట్ట మన్నిస్తారు? పొద్దున్నే లేచి ఆఫీసు క్యాబ్ వచ్చేలోపల వంట చేస్తుండేది నేను కదా?”

ఆవిడ మాటలో న్యాయం ఉందని కమిటీ ఏకగ్రీవంగా అంగీకరించింది.