మా గల్లీ మోరీకి ఏ జాతి బాతు మేలు?

ఇంటి ముందు మ్యాన్‌హోల్ పొంగనివాడు దురదృష్టవంతుడు. ఈ మాట చదవగానే ముక్కు మూసుకుని పేజీ తిప్పేసేవాళ్లు ఉంటారని తెలుసు. తిప్పండి. మీ గల్లీ పొడిగా ఉంటే మీకు ఈ వ్యాసంతో పని లేదు, నాకు మీతో పని లేదు.

మాది అశోక్‌నగర్. కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ దాటుకుని లోపలికి వస్తే మా గల్లీ. ఒకప్పుడు ఇంటికొక కుటుంబం. ఇప్పుడు ఇంటికొక హాస్టల్. ఒక కుటుంబం స్నానాలకు వేసిన పైపులో ఇవాళ కాబోయే డిప్యూటీ కలెక్టర్లందరూ స్నానం చేస్తున్నారు. పైపు మాత్రం ఏం చేస్తుంది? దానికీ ఒక కటాఫ్ ఉంటుంది. దాటితే పైకి వస్తుంది.

అలా పైకి వచ్చిన నీళ్లు మూడేళ్లు మా గల్లీలోనే కాపురం ఉన్నాయి. కిరాయి కట్టలేదు, ఖాళీ చెయ్యలేదు.

లాభాలు చెబుతాను, వినండి. చందాలవాళ్లు రారు. ఓట్లవాళ్లు గల్లీ మొదట్లోనే ఆగి అక్కడి నుంచే దండం పెట్టి పోతారు. ఇన్సూరెన్స్ ఏజెంటు దూరం నుంచే నా ప్రాణానికి విలువ కట్టి, పాలసీ ఇవ్వడం తనకు నష్టమని వెనక్కి తిరుగుతాడు. బర్కత్‌పురలో ఒంటికాలి మీద నిలబడటానికి యోగా క్లాసులు పెట్టారట. మా గల్లీలో ఇటుక మీంచి ఇటుక మీదికి అడుగు వేసేటప్పుడు ముసలీ ముతకా అందరూ ఉచితంగా నిలబడతారు. ఇక చుట్టాలు. "మీ గల్లీ ఎట్లుంది ఇప్పుడు?" అని ఫోన్ చేసి అడుగుతారు. నిజం చెబుతాను. "అయితే మల్లెప్పుడన్న వస్తం తియ్యి" అంటారు. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

ఒక్క నష్టం జరిగింది, ఒప్పుకుంటాను. నా భార్య స్వరూప వెళ్లిపోయింది.

కోపంతో కాదు, కుట్టుమిషన్‌తో. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుట్టేది. చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ నుంచి ఆడవాళ్లు వచ్చేవారు. బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చి చీర ఖరాబు చేసుకునేవాళ్లు ఎంతకాలం వస్తారు? ఒక్కొక్కరే మానేశారు. పోయిన వానాకాలం మొదలవగానే మిషన్‌ను రిక్షాలో పెట్టించి, కవాడిగూడలో వాళ్ల అక్క ఇంటికి మకాం మార్చింది.

"నీళ్లు పోయిన్నాడు ఫోన్ చెయ్యిండ్రి, వస్త," అంది వెళ్లేటప్పుడు.

మనిషి ఒక్కతే పోతే వస్తుందన్న ధైర్యం ఉంటుంది. మిషన్ కూడా పోతే ఆ ధైర్యం సగమవుతుంది. నారాయణగూడలో మోటార్లు రిపేరు చేసే నా షాపు మూసి ఇంటికొస్తే, టకటకమనే ఆ చప్పుడు లేక ఇల్లు ఇల్లులా లేదు.

ఫిర్యాదు చెయ్యలేదా అంటారా? చేశాను. ఆఫీసు పేరు మాత్రం రాయను. రాస్తే అది మా పని కాదంటూ వాళ్లు ఇంకో ఆఫీసు పేరు చెబుతారు, అప్పుడు దాని పేరు కూడా రాయాల్సి వస్తుంది. నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. అన్ని పేర్లు రాయడం నావల్ల కాదు.

ఆ సమయంలో రాజేశం నన్ను ఆదుకున్నాడు. ఎదురు హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతుంటాడు, జగిత్యాల దిక్కువాడు. వచ్చిన కొత్తలో అతని తలనిండా జుట్టు ఉండేది. నోటిఫికేషన్ ఇంకా రాలేదు.

"అన్నా, నీళ్లు పోకపోతే నీళ్లను వాడుకోవాలె," అన్నాడు ఇటుక మీద నిలబడి. "బాతుల పెట్టు. ఎట్లాగు నీకు వెనక జాగ ఉన్నది."

"ఏ జాతి పెట్టాలె?"

"నాలుగు ఆప్షన్లున్నయ్. తప్పులు కొట్టేసుకుంట పోదాం."

బయటి పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. అశోక్‌నగర్‌లో జవాబు ఎవరికీ నేరుగా తెలియదు. కానిది ఏదో తీసేసుకుంటూ పోతారు, మిగిలింది జవాబు. రూము వెతకడం, మెస్సు వెతకడం, పిల్లను వెతకడం అన్నీ ఇదే పద్ధతి.

"మొదటిది తెల్ల పెకిన్. జల్ది బరువెక్కుతది, కోసుకొని తినెటందుకు మంచిది. పెంచినదాన్ని కోసే గుండె ఉన్నదా నీకు?"

"లేదు."

"కొట్టేయ్. రెండోది ఇండియన్ రన్నర్. సీసా నిలబెట్టినట్టు నిక్కి నిలబడ్తది, నడవదు, ఉరుకుతది. నీ మోకాళ్లెట్లున్నయ్?"

"అదీ కొట్టేయ్."

"మూడోది మస్కోవీ. ఎర్రమొకం. మంచిగ పొదుగుతది, లొల్లి చెయ్యది, ఊకె బుసకొడ్తది. కాని గోడలెక్కుతది అన్నా. గోడెక్కి మా హాస్టల్ల దునికితే మల్ల నీకు కనవడది."

"ఎందుకు?"

"ఆదివారం మా మెస్సుల దొరికినదాన్నే చికెన్ అంటరు."

అలా మిగిలింది ఖాకీ క్యాంప్‌బెల్. మట్టిరంగు. ఏడాదికి మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డయితే పెడుతుంది గాని పొదగదు, మళ్లీ ఆ దిక్కే చూడదు. శంకుస్థాపన చేసిపోయే పెద్దమనుషుల పోలిక దీనిలో ఉందని నాకు అప్పుడే నచ్చింది.

"నెగెటివ్ మార్కులేమన్న ఉన్నయా?" అని అడిగాను.

"బాతులకు ఉండయన్నా."

ఊరి బయట ఫారం నుంచి తెచ్చాను. పెంచాలనుకునేవాళ్ల కోసం నాకు తెలిసింది చెబుతాను. తల్లి లేని పిల్లలను వెంటనే నీళ్లలో వదలకండి, తడిసి వణికి చస్తాయి. మేత పొడిగా పెడితే ముక్కుకు అంటుకుంటుంది, తవుడూ నూకలూ తడిపి పెట్టండి. ఈత లేకపోయినా బతుకుతాయి గాని, తల ముంచుకునేంత నీళ్లు లేకపోతే కళ్లు పాడవుతాయి. పొద్దున కాస్త ఆలస్యంగా బయటికి వదిలితే గుడ్లు గూట్లోనే పెడతాయి.

ఇవన్నీ నేర్చుకుని, వెనక జాగాలో శుభ్రమైన నీళ్లతో తొట్టి పెట్టాను. నా బాతులు దాని మొహం చూశాయి, గేటు కిందినుంచి దూరి గల్లీలోకి వెళ్లాయి. వెనక్కి తరిమితే మళ్లీ వెళ్లాయి. మనిషి కట్టించినదానికన్నా పొంగినదాన్నే అవి ఇష్టపడ్డాయి. చివరికి గేటు కింద జాలీ బిగించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి అవతలి నీళ్లను చూస్తూ అరవడం మొదలుపెట్టాయి.

రాజేశం, నేను కలిసి నాలుగు ఆప్షన్లు చూశాం గాని గొంతు గురించి ఆలోచించలేదు. క్యాంప్‌బెల్‌లో మగది బొంగురుగా గొణుగుతుంది. ఆడది మాత్రం బహిరంగసభ పెడుతుంది.

పక్కింటి పై అంతస్తులో రామచంద్రం సారు ఉంటారు, రిటైరైన హెడ్మాస్టరు. మూడేళ్లలో ఎన్నోసార్లు అడిగాను, నాతో ఆఫీసుకు వచ్చి ఒక్క మాట చెప్పండి సార్ అని. "మా పైకి వాసన రాదు విఠల్," అనేవారు. నిజమే, వాసన రాలేదు. చప్పుడు వచ్చింది. ఆయన ఒక్క ఫోన్ చేశారు, నా మీద.

మర్నాడే జీపు వచ్చింది. పాఠకులారా, మూడేళ్లు నేను పిలిస్తే రాని జీపు. ఒక ఆఫీసరు దిగి, ఇటుకల మీద సర్కస్ చేస్తూ మా గేటు దాకా వచ్చాడు.

"బాతులు ఎవరియి?"

"నావే సార్."

"ఈ నీళ్లు?"

"మీవే సార్."

ఆయన బాతులను చూశాడు, నీళ్లను చూశాడు, నన్ను చూశాడు. "బాతుల కోసమని గల్లీ మొత్తం నీళ్లు నిలబెట్టినవా? పబ్లిక్ న్యూసెన్స్ ఇది. తమాషాగున్నదా?"

నా జన్మలో అంత సంతోషకరమైన తిట్టు తినలేదు. ఎందుకంటే సాయంత్రానికల్లా నీళ్లు లాగేసే బండి వచ్చింది. నా అక్రమ చెరువును నిర్మూలించడానికట. పైపులోంచి ఒక దుప్పటి, ప్లాస్టిక్ గ్లాసులు, జనరల్ నాలెడ్జ్ గైడు అట్ట బయటపడ్డాయి. ఆ తర్వాత గల్లీకి అడుగున సిమెంటు ఉందని తెలిసింది. మరిచిపోయాం.

అప్పుడు అర్థమైంది నాకు. సర్కారుకు సమస్య కనబడదు. దోషి కనబడతాడు. అందుకని గల్లీకొక దోషి ఉండాలి.

స్వరూపకు ఫోన్ చేశాను. మిషన్‌తో సహా వచ్చింది. ఆటో మా గేటు దాకా రావడం చూసి హాస్టల్ పిల్లలు కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. బాతులను చూసి మొహం చిట్లించింది గాని, సంగతంతా చెబితే, "ఉండనీ మరి, ఏంజేస్తం," అంది.

ఆ తర్వాత బాతులు అరిచేవి, రామచంద్రం సారు ఫోన్ చేసేవారు, జీపు వచ్చేది, నేను మళ్లీ చెరువు పెట్టానేమోనని మ్యాన్‌హోల్ తెరిచి చూసి, అడ్డం పడ్డదేదో తీసేసి పోయేవారు. బ్లౌజులు మళ్లీ మొదలయ్యాయి. మిషన్ టకటకలాడింది. నగరంలో ఇంత చక్కగా నడిచే వ్యవస్థ ఇంకొకటి నేను చూడలేదు.

దాన్ని మా చేతులతో మేమే పాడు చేసుకున్నాం.

గుడ్లు ఎక్కువయ్యాయి. పక్కింటివాళ్లకు పెట్టకుండా తినే అలవాటు స్వరూపకు లేదు. ఒక గిన్నెలో నాలుగు గుడ్లు పెట్టి పైకి పంపింది. మన దగ్గర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు కదా. సారు భార్య అరుంధతమ్మ అందులో చింతకాయ తొక్కు పెట్టి పంపింది. తొక్కు గిన్నెకు బదులు స్వరూప సర్వపిండి పంపింది. సర్వపిండికి గారెలు వచ్చాయి. నేను నోరు మూసుకుని గారెలు తిన్నాను. బుద్ధి ఉన్నవాడైతే అప్పుడే గిన్నె పగలగొట్టేవాడు.

జీపు రావడం ఆగిపోయింది.

ఈ వారం వానలు మొదలయ్యాయి. నిన్న మ్యాన్‌హోల్ మూత అంచున బుడగలు లేచాయి. నేను ఆఫీసుకు ఫోన్ చేశాను. అది వాళ్ల పని కాదట. స్వరూప కుడుతున్న బ్లౌజు ముగించి, దారం తెంపి, మిషన్ మీద గుడ్డ కప్పి కట్టింది. ఆ గుడ్డ కవాడిగూడ పోయేటప్పుడు కట్టిన గుడ్డే.

"పైకి పోయి సారుతోని జర లొల్లి పెట్టుకొని రాండ్రి," అంది.

వెళ్లాను. మెట్ల మీదే రెండు మూడు మంచి తిట్లు జమ చేసుకున్నాను. తలుపు తీసింది సారే.

"సార్, మీరెందుకు ఫోన్ చేస్తలేరు? నా బాతులు లొల్లి చేస్తున్నయా లేదా?" అని గట్టిగా అడిగాను.

"రా విఠల్, లోపలికి రా," అని భుజం మీద చెయ్యి వేశారు. "మొదట్ల జర పరేషాన్ అయిన గని, ఇప్పుడు మీ బాతుల చప్పుడు లేకపోతే నాకు నిద్రే పడ్తలేదయ్యా. కూచో, చాయ్ తాగు."

తాగాను. ఏం చెయ్యను? మంచి చాయ్.

కాబట్టి పాఠకులారా, ఏ జాతి బాతు అని అడిగితే ఖాకీ క్యాంప్‌బెల్లే అంటాను, సందేహం లేదు. కాని ముందు పక్కింట్లో ఒక చెడ్డవాణ్ణి చూసుకోండి. దొరికితే పాడు కాకుండా కాపాడుకోండి. నాకు నిక్షేపంలాంటివాడు దొరికితే, నాలుగు గుడ్లు పెట్టి మంచివాణ్ణి చేసుకున్నాను.