పంపితే అందినట్టే!

ఆఫీసు కంప్యూటర్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటికున్నంత లాజిక్ మన పెద్దమనుషుల పంచాయితీల్లో ఎన్నడైనా ఉందా?

చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉన్న ఆ కంప్యూటర్లు తమలో తాము ఎట్లా మాట్లాడుకుంటాయో నేను కష్టపడి తెలుసుకున్నాను. పంపితే అందినట్టు. అందితే విన్నట్టు. విని పలకకపోతే అక్కర్లేనట్టు! మండలం జిల్లాకు ఇదే చెబుతుంది, జిల్లా హైదరాబాద్‌కు ఇదే చెబుతుంది. మధ్యలో మనిషి లేడు కాబట్టి తప్పు చేసేవాడూ లేడు.

మా ఇంట్లోనూ ఇదే పద్ధతి పెట్టాను. చాయ్ కావాలని మా ఆవిడకు మెసేజ్ పంపాను. చాయ్ రాలేదు గానీ, లాజిక్ ప్రకారం తాగేశాను.

మా చిట్యాల వైపు పోశాలు అని పత్తి రైతు. రెండు చెవులూ వినపడవు. మొన్న వానాకాలం రేగొండ రోడ్డు మీద వెనక టిప్పర్ హారన్ కొట్టినా పక్కకు జరగలేదు. డ్రైవర్ బ్రేకు తొక్కాడు కాబట్టి బతికాడు. అప్పటినుంచి పది అడుగులకోసారి వెనక్కి చూసుకుంటూ నడుస్తాడు. చెవి మిషన్ కోసం మండల ఆఫీసు కౌంటర్లో దరఖాస్తు పెట్టాడు. డాక్టర్ సర్టిఫికెట్, ఫోటో, ఫోన్ నంబర్, అన్నీ ఇచ్చాడు.

నాలుగు నెలల తర్వాత ఆయన, ఆయన భార్య భూదేవి, నేను కలిసి వెళ్తే కౌంటర్ సారు కంప్యూటర్ తెర తిప్పి చూపించాడు. ‘దరఖాస్తుదారునికి మూడుసార్లు ఫోన్ చేయబడినది. స్పందన లేదు. ఆసక్తి లేనందున మూసివేయడమైనది.’

ఎంత మర్యాద! ఒకటి కాదు, మూడుసార్లు!

భూదేవికి మాత్రం లాజిక్ ఎక్కలేదు. “సారూ, ఆయనకు ఫోన్ ఇనబడితే మిషన్ ఎందుకడుగుతం? జర నా నంబర్‌కన్న కొట్టకపోతిరి!”

“నేనేం జెయ్యాలమ్మా, గది సిస్టం. హెల్ప్‌లైన్‌కు చెప్పుకోండ్రి.”

పోశాలు ఇద్దరి నోళ్ల వైపూ మార్చిమార్చి చూశాడు. పని అయిందనుకుని సారుకు దండం పెట్టాడు.

హెల్ప్‌లైన్‌కు నేనే కొట్టాను, పదకొండు రోజులు. మోగుతుంది, ఎవరూ ఎత్తరు. కంప్యూటర్ లాజిక్ ప్రకారం వాళ్లకు ఆసక్తి లేదు. భూదేవి లాజిక్ ప్రకారం వాళ్లకు చెవులు లేవు. నాకు భూదేవి లాజిక్కే గట్టిగా కనిపించింది.

అందుకే నిన్న అదే కౌంటర్లో, హెల్ప్‌లైన్ పేరు మీద చెవి మిషన్‌కు దరఖాస్తు పెట్టాను. ఫోన్ నంబర్ దగ్గర వాళ్ల నంబరే రాశాను. మూడుసార్లు కొడతారు కదా! ఒక్కసారైనా ఎవరైనా ఎత్తితే, ఫోన్ చేసినవాళ్లను పోశాలు ఇంకా వెనక్కి చూసుకుంటూనే నడుస్తున్నాడని చెప్పమనండి.