సర్వే పూట ఉపవాసం

శనివారం పొద్దున్నే కొత్తపేటలో బస్సు దిగేసరికి నాగసతీష్ పథకం సులువుగానే ఉంది. పక్క పల్లెలో పది గడపలు ఎక్కి, నాలుగు ప్రశ్నలడిగి, మధ్యాహ్నం బస్సుకి అమలాపురంలో ఇంటికి చేరిపోవాలి. టూరిజం ఎం.ఏ. చదువుతున్న అతను కిందటిసారి ఇంట్లో కూర్చుని అల్లిన సర్వేని మాస్టారు మొహాన కొట్టారు. సోమవారానికి అసలైన సర్వే ఇవ్వకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

మొదటి గడప గోవిందరాజులుగారిది. ప్రశ్న నోట్లోంచి రాకముందే గారెలూ కోడికూరా వచ్చాయి.

"ముందు టిఫిను కానివ్వండి బాబూ."

"ఇంట్లో తినే వచ్చేనండీ."

"మీ ఇంట్లో తింటే మా ఇంట్లో తిన్నట్టాండీ? మా బావమరిది వచ్చేడని కోడిని కోసేం. కానివ్వండి!"

తినడం అయ్యేసరికి ఆయనకి పొలం వేళైంది. ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి.

ఎదురింట్లో సత్యదుర్గగారు అతన్ని చూస్తూనే అరిటాకు వేశారు. తిన్నానంటే ఎక్కడ తిన్నావంటారు. ఆ రెండిళ్లకీ పొలం గట్టు తగాదా ఉందని గారెలు తింటూనే విన్నాడు. అందుకని, తన తెలివికి తానే మురిసిపోతూ, "ఈవేళ శనివారం ఉపవాసమండీ" అన్నాడు.

అదే అతని కొంప ముంచింది.

"అప్పనపల్లి బాలాజీ మొక్కాండీ? ఈ వయసులో ఎంత భక్తండీ!" అని ఆవిడ కళ్లొత్తుకున్నారు. అన్నం లోపలికి వెళ్లి ఫలహారం బయటికొచ్చింది. చక్రకేళీలు, పాలు, ఉప్మా, ఆపైన దిబ్బరొట్టె. ఉపవాసం ఉన్నవాడికి పెడితే పుణ్యమని చుట్టుపక్కలవాళ్లు తలో గిన్నె పట్టుకొచ్చారు. ప్రశ్న అడగబోయినప్పుడల్లా నోట్లో ఏదో ఒకటి ఉంది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

కబురు గోవిందరాజులుగారి చెవిన పడింది. ఆయన పొలం నుంచి మట్టికాళ్లతోనే వచ్చేశారు.

"ఉపవాసమాండీ? మరి మా ఇంట్లో తిన్న కోడికూర తిండి కాదాండీ?"

"కోడికూరా!" సత్యదుర్గగారు పాలగ్లాసు వెనక్కి లాక్కున్నారు. "మొక్కులో ఉండి వాళ్లింట్లో కోడికూర తిని, మా ఇంట్లో అన్నం ముట్టుకోరాండీ?"

ఆవిడని శాంతపరచడానికి ఒక్కటే దారి. అరిటాకు ముందు కూర్చుని కడదాకా తిన్నాడు. వాళ్లింట్లో భోజనమైతే మా ఇంట్లో ఉత్త గారెలేనా అని గోవిందరాజులుగారు లాక్కుపోయి రెండో భోజనం పెట్టారు. తర్వాత వీధరుగు మీద మంచం వాల్చి పడుకోబెట్టారు.

బస్సు వెళ్లిపోయింది. ఏడాది పోయింది, ఇక తనకి దిక్కులేదు అనుకున్నాడు నాగసతీష్. కళ్లు తెరిచి చూస్తే పది గడపలవాళ్లూ మంచం చుట్టూ నిలబడి విసనకర్రలతో విసురుతున్నారు. అతని ప్రాణం లేచొచ్చింది. ఎవరి చేతిలోనూ గిన్నె లేదు.

"ఒక్క ప్రశ్నండీ... పర్యాటకులొస్తే మీ ఊళ్లో తిండికీ పడకకీ ఏర్పాటేమైనా ఉందాండీ?"

అందరి మొహాలూ చిన్నబోయాయి.

"మీ దగ్గర దాపరికమెందుకండీ," అన్నారు గోవిందరాజులుగారు. "ఒక్క హోటలన్నా లేదండీ. బయటివాళ్లొస్తే పస్తేనండీ."

"ఆయ్, పస్తేనండీ" అని సత్యదుర్గగారు ఎన్నాళ్లకో ఆయన మాటకి తలూపి, అతని తలకింద దిండు సర్దారు.

వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాశాడు. సోమవారం మాస్టారు అది చదివి, గుండీలు పట్టని అతని చొక్కాకేసి చూశారు.

"తిండి దొరకని ఊళ్లో రోజంతా తిరిగొచ్చిన వాలకమేనా ఇది? మళ్లీ ఇంట్లో కూర్చునే రాశావు" అని కాగితాలు విసిరేశారు.

ఆ పూట నాగసతీష్ నిజంగానే ఉపవాసం ఉన్నాడు.